పల్నాటి పొయ్యి మీద బాతుకూర

కారానికి పల్నాడు పెట్టింది పేరు. అలాంటిది, 1182 ప్రాంతంలో జరిగిన పల్నాటి యుద్ధంలో, కారెంపూడి రణభూమిలో కత్తులు దూసిన వీరుల్లో ఒక్కరూ మిరపకాయ రుచి ఎరగరు! ఈ సంగతి తట్టినప్పటి నుంచి పొయ్యి మీద బాతుకూర ఉడుకుతుంటే నా ధ్యాసంతా పన్నెండో శతాబ్దం మీదికే పోతోంది. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. పోర్చుగీసు ఓడలెక్కి మన తీరం చేరింది పదహారో శతాబ్దంలో. అంతకు ముందు కూరకు ఘాటు కావాలంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలే దిక్కు.

పల్నాటి కథను మలుపు తిప్పిన పక్షి మాత్రం కోడి. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, ప్రత్యర్థి నాగమ్మ కోడి సివంగిడేగ బరిలో దిగాయి. ఓడినవారు ఏడేళ్లు రాజ్యం వదిలిపోవాలని పందెం. ఓడిన మాచర్ల ప్రభువు మలిదేవుడు వలసపోయాడు. గడువు తీరాక రాయబారం వెళ్లిన అలరాజు విషానికి బలయ్యాడు. ఆపైన జరిగిన యుద్ధంలో నాగులేటి ఒడ్డున బాలచంద్రుడి లాంటి కుర్రవాళ్లు రాలిపోయారు. ఇప్పటికీ కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు కారెంపూడిలో ఆ వీరుల పేరిట రోజుకొకటి చొప్పున రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు జరుపుతారు. మందపోరు నాడు చాపకూడు. కులం అడక్కుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి పంక్తి అది. కత్తుల కథను నోరారా చెప్పుకునే మనం ఈ పంక్తి గురించి రెండు ముక్కలతో సరిపెడతాం. నాకైతే పల్నాటి చరిత్రలో ఇంతకంటే గొప్ప ఘట్టం లేదు.

ఆ వీరగాథను ద్విపదలో చెప్పిన శ్రీనాథుడు ఇక్కడి జొన్నకూడు మింగుడుపడక చాటువులు చెప్పాడంటారు. పక్కనే కృష్ణమ్మ పారుతున్నా మెట్ట పొలాలకు తడి అందేది కాదు. రాజులు మారారు, దొరలొచ్చి పోయారు, జొన్నచేలు అలాగే ఉన్నాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ కింద వరి పచ్చబడింది.

బాతుకు వరిమడే పుట్టింటి వాకిలి. కోస్తాలో కోతలయ్యాక కాపరులు వందల బాతుల్ని మళ్లలోకి తోలుకొస్తారు. రాలిన గింజలు, నత్తలు, పురుగులు వాటి మేత. పెంచేది గుడ్ల కోసమే గనక, గుడ్డు మానిన ముదురు బాతే కూరకొస్తుంది. ముక్క గట్టిగా ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఈకలు పీకాక నూగు మిగులుతుంది. మంట మీద కాల్చి, పసుపు రాసి కడగాలి. తోక మొదట్లో ఉండే నూనెగ్రంథి కోసెయ్యకపోతే కూరంతా నీచు. మందపాటి గిన్నెలో తోలువైపు కిందికి పెట్టి సన్నసెగన ఉంచితే కొవ్వు కరిగి ఊరుతుంది. ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి అందులోనే వేగాలి, వేరే నూనె పొయ్యనక్కర్లేదు. కారం దగ్గర మాత్రం నాది పట్టుదల: గుంటూరు సన్నాల కారం సగం తగ్గించి, ఆ మేరకు మిరియాలు దంచి వెయ్యాలి. కొవ్వున్న మాంసానికి మిరియం ఘాటే సరిజోడు. ఎర్రరంగు మోజులో దాన్ని చారుకీ కషాయానికీ అప్పగించేశాం, అది మామూలు నష్టం కాదు.

మిరియాలపొడి దించేముందు పడాలి, ముందే వేస్తే వాసన పోతుంది. వండిన పూట కంటే మర్నాటికి ఉప్పూకారం ముక్కకు బాగా పడతాయి, అందుకే బాతుకూర ఎప్పుడూ రాత్రే వండిపెడతాను.