కంప్యూటర్‌లో నగర ట్రాఫిక్: ‘మాట్లాడుకునే బండ్ల’ను ముందుగా పరీక్షించేది ఇలా

ముందున్న కారు హఠాత్తుగా బ్రేకు వేస్తే, వెనక డ్రైవర్‌కు దాని ఎర్ర లైటు కనబడాలి. మధ్యలో లారీ అడ్డుంటే కనబడదు. ఈ లోటు తీర్చేందుకు వచ్చినవే ‘కనెక్టెడ్ వాహనాలు’. ఇవి తాము ఎక్కడున్నాయో, ఎంత వేగంతో ఎటు వెళ్తున్నాయో వైర్‌లెస్ ద్వారా సెకనుకు 10 సార్ల వరకు చుట్టుపక్కల బండ్లకు చెబుతుంటాయి.

అయితే ఇలాంటి వేల బండ్లను నేరుగా రోడ్డు మీదికి తెచ్చి పరీక్షించాలంటే బోలెడు ఖర్చు, పైగా ప్రాణాలకు ముప్పు. అందుకే పరిశోధకులు ముందు నగరాన్ని కంప్యూటర్‌లో కడతారు. దీన్నే సిమ్యులేషన్ అంటారు.

ఇందుకు బాగా వాడే సాఫ్ట్‌వేర్ ‘సుమో’. జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ తయారుచేసిన ఇది 2001 నుంచి ఉచితంగా దొరుకుతోంది. రోడ్లు, సిగ్నళ్ల వివరాలు ఇస్తే చాలు, నగరం పటం సిద్ధమవుతుంది. అందులో ఒక్కో బండికి బయలుదేరే టైం, వెళ్లే దారి ఇస్తారు. ముందున్న బండి ఆగినా గుద్దుకోనంత వేగం ఎంతో సుమో ప్రతి బండికీ విడిగా లెక్క కడుతుంది.

బండ్ల మధ్య సందేశాలను మాత్రం ‘ఓమ్‌నెట్ ప్లస్ ప్లస్’ అనే మరో సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఈ రెండింటినీ జోడించేది ‘వెయిన్స్’. మధ్యలో భవనం అడ్డొస్తే సిగ్నల్ ఎంత బలహీనపడుతుందో కూడా ఇది లెక్కలోకి తీసుకుంటుంది. యూరప్‌లోని లక్సెంబర్గ్ నగరంలో 24 గంటల ట్రాఫిక్‌ను సుమోలో నిర్మించి, 2015లో పరిశోధకులందరికీ అందుబాటులో పెట్టారు.

దీనివల్ల లాభమేంటి? మెయిన్ రోడ్డు జామ్ అయిందని బండ్లన్నింటికీ ఒకే షార్ట్‌కట్ చూపిస్తే, అన్నీ ఆ గల్లీలోకే దూరతాయి. కాసేపట్లో అదీ జామ్! పిల్లలు ఆడుకునే వీధి హైవేలా మారుతుంది. ఈ పొరపాటు రోడ్డు మీద కాకుండా కంప్యూటర్‌లో జరిగితే ఎవరికీ నష్టం లేదు. వందలో పది బండ్లకే ఈ సౌకర్యం ఉంటే ఏమవుతుంది, సగానికి ఉంటే ఏమవుతుంది అన్నదీ ఇలాగే తేల్చుకోవచ్చు.

కానీ ఇచ్చిన లెక్క తప్పయితే వచ్చే ఫలితమూ తప్పే. జర్మనీలో బండ్లు లేన్ పట్టుకుని పోతాయి. హైదరాబాద్‌లో బైకులు, ఆటోలు సందు దొరికితే చాలు దూరిపోతాయి. అందుకే సుమోలో ఒక్కో లేన్‌ను సన్నటి పట్టీలుగా విడగొట్టే ఏర్పాటు కూడా ఉంది. అయినా మన రోడ్లపై బైకులు ఎన్ని, ఆటోలు ఎన్ని, నడిచి దాటేవాళ్లు ఎందరు అన్నది ముందు మనుషులే లెక్కపెట్టి ఇవ్వాలి. ఆ లెక్కలో లేని పాదచారి కంప్యూటర్‌కు కనబడడు.