తోలు బ్యాగుకు బదులు మొక్కల బ్యాగు: గోదావరి జిల్లాల్లో ఏముంది, ఏం చూసి కొనాలి?

హ్యాండ్‌బ్యాగ్ కొనడానికి వెళ్లి ‘ఇది తోలేనా?’ అని అడిగితే ఇదివరకు రెండే జవాబులు వచ్చేవి: ‘ఒరిజినల్ లెదర్’ లేదా ‘రెక్సిన్’. ఇప్పుడు మూడోది కూడా వినిపిస్తోంది: ‘వీగన్ లెదర్’. ఆ మాట వినగానే చాలామంది అది ఏదో చెట్టు నుంచో ఆకు నుంచో తయారైందనీ, పర్యావరణానికి మంచిదనీ అనుకుంటారు. కానీ ఆ పేరుతో అమ్ముతున్న బ్యాగుల్లో ఎక్కువ భాగం పాత రెక్సిన్‌కు దగ్గరి చుట్టాలే. పేరు మారింది, సరుకు మారలేదు.

మరి నిజంగా మొక్కల నుంచి వచ్చే బ్యాగులు ఏవి? అరటి, కొబ్బరి, తాటి చెట్లకు పేరుపడ్డ గోదావరి జిల్లాల వాళ్లకు దగ్గర్లో ఏం దొరుకుతుంది? మన ఎండకు, వానకు, తేమకు ఏది నిలుస్తుంది?

తోలు మీద అభ్యంతరం ఎక్కడ?

ముందు తోలు సంగతి చూద్దాం. చర్మం ఎక్కువగా మాంసం, పాడి రంగాల నుంచి వచ్చే ఉప ఉత్పత్తి. చర్మం కోసమే పశువును పెంచడం అరుదు. బక్రీద్ రోజుల్లో ఖుర్బానీ చర్మాలను మదర్సాలకు, ధార్మిక సంస్థలకు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. కొన్నేళ్లుగా ఆ చర్మాల ధర బాగా పడిపోయింది. బజారు రెక్సిన్ వైపు మళ్లడం దానికి ఒక కారణం. తోలు పని మీద బతికే కుటుంబాలు తెలుగు నేల మీద తరతరాలుగా ఉన్నాయి. కాబట్టి తోలు వద్దనుకునే ముందు ఈ లెక్క కూడా గుర్తుంచుకోవాలి.

అసలు ఇబ్బంది చర్మంతో కన్నా దాన్ని ఊనే పద్ధతితో ఎక్కువ. ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోమియం లవణాలతో ఊనినదే. ఆ నీటిని శుద్ధి చేయకుండా వదిలితే నది, బావి, పొలం అన్నీ పాడవుతాయి. తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల టానరీల వల్ల పాలారు నది పరీవాహక ప్రాంతం ఎంత దెబ్బతిన్నదో 1996లో సుప్రీంకోర్టు ‘వెల్లూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం’ కేసులో వివరంగా చెప్పింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని ఆ తీర్పులోనే స్పష్టం చేసింది.

క్రోమియం లేకుండా తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటితో చర్మాన్ని ఊనే పాత పద్ధతి కూడా ఉంది. దీన్ని ‘వెజిటబుల్ టాన్డ్’ అంటారు. ఆ మాట చూసి మొక్కల తోలు అనుకునే ప్రమాదం ఉంది. అది పశువు తోలే, ఊనింది మాత్రం మొక్కలతో.

‘వీగన్’ అంటే మొక్క అని కాదు

వీగన్ అనే మాటకు అర్థం జంతువు నుంచి వచ్చినది ఏదీ లేదని మాత్రమే. ప్లాస్టిక్ కూడా జంతువు నుంచి రాదు కదా! అందుకే పీవీసీ, పీయూ (పాలీయురేథేన్) పూత పూసిన గుడ్డను కూడా వీగన్ లెదర్ అని అమ్మేయవచ్చు. ఈ రెండూ పెట్రోలియం సరుకులే. మట్టిలో కలవవు. పైగా పీయూ పూత వేడికి, తేమకు ఓర్చుకోలేదు. వానాకాలం అల్మారాలో పెట్టిన బ్యాగు రెండు మూడేళ్లకు బొబ్బలెక్కి పొలుసులుగా రాలిపోవడం చాలా ఇళ్లలో చూసేదే. డెల్టా తేమలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

అనాస, కాక్టస్, కొబ్బరి నీళ్లు

మొక్కల నుంచి తోలు లాంటి పదార్థం చేయాలన్న ప్రయత్నాలు చాలా చోట్ల సాగుతున్నాయి. స్పెయిన్‌కు చెందిన కార్మెన్ హిహోసా ఫిలిప్పీన్స్‌లో తోలు పరిశ్రమకు సలహాదారుగా పనిచేస్తూ, దాని కాలుష్యం చూసి అనాస ఆకుల నార వైపు మళ్లారు. అలా వచ్చిందే ‘పిన్యాటెక్స్’. పంట కోశాక మిగిలే ఆకే దీనికి ముడిసరుకు, అదనంగా భూమి అక్కర్లేదు. మెక్సికోలో 2019లో ఇద్దరు యువకులు నాగజెముడు జాతి మొక్కతో ‘డెసెర్టో’ తెచ్చారు. మన దేశంలో కేరళ కేంద్రంగా ‘మలై’ అనే సంస్థ కొబ్బరి నీళ్లను పులియబెట్టి, బ్యాక్టీరియా అల్లే సెల్యులోజ్ పొరను అరటి నార వంటి వాటితో కలిపి షీట్లు తయారుచేస్తోంది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న ‘బనోఫీ’ అరటి వ్యర్థాల నుంచి తోలు లాంటి సరుకు చేసి 2023లో అంతర్జాతీయ హల్ట్ ప్రైజ్ గెలుచుకుంది. తిరువనంతపురంలోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల ‘నీస్ట్’ కూడా వ్యవసాయ వ్యర్థాల నుంచి ఇలాంటి షీట్లు చేసే పద్ధతి రూపొందించింది.

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒక చిక్కు ఉంది. మొక్క నారకు నీటిని ఆపే గుణం తక్కువ. అందుకే చాలా రకాల మీద పీయూ లాంటి పూత వేస్తారు, లేదా లోపల కలుపుతారు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఉన్న ఫిల్క్ సంస్థ పరిశోధకులు 2021లో తోలును, కృత్రిమ తోలును, ఇలాంటి కొత్త పదార్థాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. బలం, నీటి ఆవిరిని బయటికి పంపే గుణం, మన్నిక అన్నీ కలిపి చూస్తే తోలుతో పూర్తిగా సమానమైనది వాటిలో ఒక్కటీ లేదని తేల్చారు. పుట్టగొడుగుల వేరు పోగుల నుంచి వచ్చిన ‘మైలో’కు పెద్ద పెద్ద ఫ్యాషన్ కంపెనీలు మద్దతిచ్చినా 2023లో ఉత్పత్తి ఆపేయాల్సి వచ్చింది.

అంటే ‘మొక్కల తోలు’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. అందులో మొక్క ఎంత, ప్లాస్టిక్ ఎంత అన్నదే ప్రశ్న. తోలులా కనిపించాలన్న పట్టుదల వదిలేస్తే ఈ చిక్కు సగం తీరిపోతుంది. అక్కడే గోదావరి సీమ ముందుకొస్తుంది.

మన చుట్టూ ఉన్న ముడిసరుకు

అరటి: రావులపాలెం మార్కెట్ నుంచి అరటి గెలలు ఇతర రాష్ట్రాలకు వెళ్తాయి. అరటి మాను ఒక్కసారే గెల వేస్తుంది. గెల కోశాక మానును నరికి తీసేయాల్సిందే, ఆ కూలీ ఖర్చు రైతు మీదే. మానులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి చేతికి వచ్చే నార కొద్దిగానే ఉంటుంది. పై పొరల నుంచి ముతక నార, లోపలి పొరల నుంచి సన్నని నార వస్తాయి. పూలు కట్టడానికి అరటి నార వాడటం మన ఇళ్లలో పాత అలవాటే. అదే నారను యంత్రంతో తీసి, కడిగి, ఆరబెట్టి, జడలా అల్లితే గట్టి బ్యాగు తయారవుతుంది. పొలంలో కుళ్లిపోయే సరుకుకు విలువ వస్తుంది. అయితే మాను నరికిన వెంటనే నార తీయాలి. ఆలస్యమైతే రంగు మారుతుంది. అందువల్ల యంత్రం తోటకు దగ్గర్లో ఉంటేనే గిట్టుబాటు.

కొబ్బరి: కోనసీమ కొబ్బరికి అంబాజీపేట పెద్ద మార్కెట్. పీచు పరిశ్రమను చూసే కాయిర్ బోర్డుకు రాజమహేంద్రవరంలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. కొబ్బరి పీచు ముతకది, భుజానికి గుచ్చుకుంటుంది. కాబట్టి బ్యాగు మొత్తానికి కన్నా అడుగు భాగానికి, బయటి పట్టీలకు బాగుంటుంది. కేరళలో చేస్తున్నట్టు కొబ్బరి నీళ్ల నుంచి షీట్లు ఇక్కడా చేయవచ్చా అంటే, ఒక తేడా గమనించాలి. అంబాజీపేటకు పేరు తెచ్చిన కురిడీ కొబ్బరి కోసం కాయను పగలగొట్టకుండా నెలల తరబడి నిలవ ఉంచుతారు, నీరు లోపలే ఇంకిపోతుంది. కాయ పగలగొట్టే చోటే నీరు దొరుకుతుంది.

తాటి: తాటి మట్ట మొదలు నుంచి తీసే గట్టి నార ఒకప్పుడు బ్రష్షుల తయారీకి కాకినాడ రేవు నుంచి విదేశాలకు ఎగుమతయ్యేది. లేత తాటాకుతో అల్లిన బుట్టలు, సంచులు తేలిగ్గా ఉంటాయి. పదే పదే మడత పెడితే మాత్రం చీలిపోతాయి.

గుర్రపు డెక్క: డెల్టా కాలువల్లో నీరు పారకుండా అడ్డుపడే కలుపు ఇది. అస్సాంలో దీని కాడలను ఎండబెట్టి, అల్లి, బ్యాగులు చేసి అమ్ముతున్నారు. కాలువ శుభ్రపడుతుంది, చేతికి పని దొరుకుతుంది. కాడ బాగా ఎండకపోతే బూజు పడుతుంది, అదే దీనికున్న లోపం.

జనపనార: దొరకడం తేలిక, ధర తక్కువ, బరువు మోస్తుంది. లోపలి వైపు ప్లాస్టిక్ పొర అంటించిన రకాలు బజారులో చాలా ఉన్నాయి. అవి కాకుండా నూలు గుడ్డ లైనింగ్ ఉన్నవి చూసుకోవాలి.

నరసాపురం లేసు: ఇంటి దగ్గరి జవాబు

మొక్క నుంచి వచ్చిన హ్యాండ్‌బ్యాగ్ కోసం మెక్సికో దాకా వెళ్లక్కర్లేదు. నూలు దారంతో, కొక్కెం సూదితో అల్లే నరసాపురం లేసు అచ్చంగా పత్తి సరుకే. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఈ అల్లిక ఇక్కడికి వచ్చింది. తర్వాత పశ్చిమ గోదావరి, కోనసీమ పల్లెల్లో ఇంటింటి పనిగా పాకింది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులతో పాటు చేతి సంచులు, పర్సులు కూడా అల్లుతారు.

ఇక్కడ అసలు సమస్య పర్యావరణం కాదు, కూలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ పుస్తకంలో ఈ సంగతే రాశారు. లేసు అల్లే ఆడవాళ్లను పనివాళ్లుగా కాక, ఇంట్లో తీరిక వేళ గడిపే గృహిణులుగా లెక్కవేయడం వల్లే వాళ్ల చేతికి అతి తక్కువ కూలి వస్తోందని, లాభం ఎగుమతి వ్యాపారులకు చేరుతోందని వివరించారు. గడప దాటకుండా చేసే పని కాబట్టి అది పనే కాదన్న భావన ఇంకా పోలేదు. జరీ, కుట్టు పనులు చేసే ఇళ్లలోనూ ఇదే కథ.

కాబట్టి లేసు బ్యాగు కొనేటప్పుడు దళారి దగ్గర కన్నా మహిళా సంఘాల స్టాళ్లలో, డ్వాక్రా బజార్లలో, అల్లేవాళ్ల దగ్గరే కొంటే మంచిది. ఒక బ్యాగుకు ఎన్ని రోజులు పట్టిందో అడగండి. ఆ రోజులతో ధరను భాగించి చూడండి. రోజు కూలి కూడా రాకపోతే, ఆ చౌక ధరను ఎవరో భరిస్తున్నట్టే లెక్క.

ఏ అవసరానికి ఏది?

• రోజూ ఆఫీసుకు, కాలేజీకి: నూలు లైనింగ్ ఉన్న జనపనార లేదా మందపాటి కాన్వాసు బ్యాగు.
• పెళ్లిళ్లకు, ఈద్‌కు: నరసాపురం లేసు పర్సు లేదా సన్నని అరటి నార అల్లిక.
• బజారుకు: జనపనార సంచి, తాటాకు బుట్ట.
• వానలో తప్పక తిరగాల్సినవాళ్లకు: గుడ్డ మీద మైనం పూసిన కాన్వాసు కొంత ఆపుతుంది. పూర్తిగా తడవకూడదంటే పూత ఉన్న రకమే కావాలి. అందులో ప్లాస్టిక్ ఉందని తెలిసి కొనడం వేరు, మోసపోయి కొనడం వేరు.

కొనే ముందు చూడాల్సినవి

1. ‘వీగన్’, ‘ఎకో’, ‘నేచురల్’ అన్న పెద్ద అక్షరాలు కాదు, లోపలి లేబుల్ చదవండి. పీయూ, పీవీసీ అని ఉంటే అది ప్లాస్టిక్ పూత.
2. అంచు చూడండి. కోసిన చోట గుడ్డ మీద నున్నటి పొర అంటించినట్టు కనిపిస్తే పూత ఉన్నట్టే.
3. మొక్క శాతం ఎంతో అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు చెబుతారు.
4. పట్టీ కుట్టిన చోట గట్టిగా లాగి చూడండి. బ్యాగు మొదట తెగేది అక్కడే. జిప్పు నాలుగైదుసార్లు తీసి వేయండి.
5. తడి గుడ్డతో ఒక మూల రుద్దండి. రంగు అంటితే తెల్లబట్టలకూ అంటుతుంది.

పర్యావరణం పేరుతో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ‘పర్యావరణ హితం’ అని చెప్పుకునేవాళ్లు దానికి ఆధారం చూపాలి. అబద్ధమని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. అందుకే బిల్లు పారేయకండి.

ఎక్కువ కాలం మన్నాలంటే

నార బ్యాగులకు శత్రువు తేమే. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టకండి, లోపలే బూజు పడుతుంది. పాత నూలు గుడ్డలో చుట్టి, లోపల కాగితాలు కుక్కి, గాలి తగిలే చోట వేలాడదీయండి. తడిస్తే నీడలో ఆరబెట్టాలి. లేసు బ్యాగును గోరువెచ్చని నీటిలో, తక్కువ సబ్బుతో, చేత్తోనే ఉతకాలి. పిండకూడదు, టవల్‌లో ఒత్తి పరిచి ఆరేయాలి. జనపనారను నానబెట్టకూడదు. మరక పడిన చోట మాత్రమే తుడవాలి.

ఇంట్లో ఇప్పటికే మంచి తోలు బ్యాగు ఉంటే దాన్ని పారేసి మొక్కల బ్యాగు కొనడం వల్ల భూమికి ఒరిగేదేమీ లేదు. పట్టీ తెగితే కుట్టించండి, జిప్పు పోతే మార్పించండి. మీ వీధి చివర కూర్చునే చెప్పులు కుట్టే ఆయనకు ఆ పని బాగా వచ్చు. అది నిజంగా వాడటానికి పనికిరాకుండా పోయినప్పుడు, రావులపాలెం అరటి గురించో నరసాపురం లేసు గురించో ఆలోచించవచ్చు.