యంత్రములో యంత్రము: పటములు గీయు ప్రోగ్రాముల కథ

నెల్లూరు పట్టణమునకు తూర్పున, ఒకటి రెండు కిలోమీటర్ల దూరములోనే 80 డిగ్రీల తూర్పు రేఖాంశము పోవుచున్నది. భారత సర్వే శాఖ వారి పటముల విభజనలో ఈ రేఖ ఒక హద్దు. రేఖకు పడమరనున్న పట్టణము 57వ సంఖ్య గల పటములోను, తూర్పుననున్న సముద్రతీరము 66వ సంఖ్య గల పటములోను చేరినవి. కనుక పెన్నానది పట్టణమును దాటి ఊటుకూరు వద్ద బంగాళాఖాతములో కలియు దారిని కాగితపు పటముపై చూడగోరువారు రెండు పటములను ప్రక్కప్రక్కన పరచి, వాటి అంచులు కలుపుకొనవలసి యుండెను.

కంప్యూటరులో ఈ అతుకుల పని లేదు. పటములోని ప్రతి బిందువు యొక్క అక్షాంశ రేఖాంశములు అంకెల రూపమున నిలువచేయబడును. ఆ అంకెలను చదివి తెరపై గీయునది, దూరములను వైశాల్యములను లెక్కించునది పటనిర్మాణ ప్రోగ్రాము. ఇట్టి ఏర్పాటును భౌగోళిక సమాచార వ్యవస్థ అనియు, క్లుప్తముగా జి.ఐ.ఎస్. అనియు అందురు. 1960 దశకములో రాజర్ టామ్లిన్సన్ కెనడా ప్రభుత్వము కొరకు రూపొందించిన వ్యవస్థ ఈ కోవలో మొదటిదిగా పేరు పొందినది.

ఈ ప్రోగ్రాములకు కావలసిన చిత్రములను పంపు ఉపగ్రహములు కొన్ని ఈ తీరము నుండియే ఆకాశమునకు ఎగసినవి. 2005 మే 5న పి.ఎస్.ఎల్.వి.–సి6 రాకెట్టు శ్రీహరికోట నుండి కార్టోశాట్–1 ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టెను. నేలపై రెండున్నర మీటర్ల వివరమును చూపగల రెండు కెమెరాలు అందులో అమర్చబడినవి. శ్రీహరికోట 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు నెల్లూరు జిల్లాలోనిదే; పిదప తిరుపతి జిల్లాలో చేరినది.

చిత్రములు అందరికిని ఒకటే. కాని వాటి నుండి పటములు తయారుచేయు ప్రసిద్ధ ప్రోగ్రాములలో కొన్ని, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఉన్న కంప్యూటరుపై మాత్రమే పనిచేయును. ఆపిల్ వారి మాక్ కంప్యూటరు మాత్రమే గల విద్యార్థి వాటిని వాడుట ఎట్లు? చిన్నదిగా కనిపించు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో కంప్యూటరు శాస్త్రము కొన్ని దశాబ్దముల దారి నడచినది.

అడ్డంకి ఎచ్చట?

ఒక యంత్రము కొరకు వ్రాసిన ప్రోగ్రాము మరియొక యంత్రముపై నడువకుండుటకు రెండు కారణములు కలవు. మొదటిది ప్రాసెసరు. కూడుము, పోల్చుము, జ్ఞాపకములో ఉంచుము అను ఆజ్ఞలకు ప్రతి ప్రాసెసరు జాతికిని దానిదే అయిన సంకేతభాష యున్నది. ఒకదాని భాష మరియొకదానికి అర్థము కాదు. రెండవది నిర్వహణ వ్యవస్థ. ఫైలును తెరచుట, తెరపై గీత గీయుట వంటి పనులను ప్రోగ్రాము స్వయముగా చేయదు. చేసిపెట్టుమని విండోస్‌నో, మాక్ వ్యవస్థనో కోరును. ఆ కోరు పద్ధతులు రెండింటికిని వేరు. మీటరుగేజి పెట్టె బ్రాడ్‌గేజి పట్టాలపై నడువదు గదా! పెట్టెలోని సరుకునందు లోపము లేదు. చక్రముల నడుమనున్న వెడల్పులోనే చిక్కు.

ఈ చిక్కు ఆది నుండి ఉన్నది కాదు. జాక్ డేంజర్మండ్ దంపతులు 1969లో అమెరికాలో స్థాపించిన ఎస్రి సంస్థ 1982లో ఆర్క్–ఇన్ఫో అను ప్రోగ్రామును వెలువరించెను. అది మొదట మినీకంప్యూటర్లపైన, తరువాత యూనిక్స్ యంత్రములపైన నడచినది. 1990 దశకములో వచ్చిన ఆర్క్‌వ్యూ ప్రోగ్రామునకు విండోస్ రూపముతో పాటు మాక్ రూపము కూడ ఉండెడిది. కాని ఆ దశకము ముగియునప్పటికి, ఎస్రి తన ప్రోగ్రాములను మైక్రోసాఫ్ట్ వారి ‘కామ్’ అను భాగముల పద్ధతిపై తిరిగి నిర్మించెను. ముందే తయారైయున్న భాగములను వాడుకొనుట వలన పని సులభమైనది. ఫలముగా ప్రోగ్రాము విండోస్‌కు అంటుకొని పోయినది. 2015లో వచ్చిన ఆర్క్‌జిఐఎస్ ప్రో కూడ ఆ దారినే నడచినది. మన దేశములో ముంబాయి ఐ.ఐ.టి. వారు తయారుచేసిన గ్రామ్ ప్లస్ ప్లస్ అను ప్రోగ్రాము సైతము విండోస్ కొరకు వ్రాయబడినదే.

ట్యూరింగు ఊహ, ఐ.బి.ఎం. అనుభవము

ఒక యంత్రము మరియొక యంత్రమువలె ప్రవర్తించగలదను భావము కంప్యూటర్లకంటె పాతది. 1936లో ఆంగ్ల గణితవేత్త ఆలన్ ట్యూరింగు ఒక ఊహాయంత్రమును వర్ణించెను. ఏ గణన యంత్రము యొక్క వర్ణననైనను అంకెల రూపమున దానికి అందించినచో, అది ఆ యంత్రము చేయు పనినంతటిని చేసి చూపగలదు. దానికి సార్వత్రిక యంత్రమని పేరు.

ఈ భావమును వ్యాపారరంగములో పెద్దయెత్తున ఉపయోగించినది ఐ.బి.ఎం. సంస్థ. 1964 ఏప్రిల్ 7న ఆ సంస్థ సిస్టమ్–360 అను నూతన శ్రేణిని ప్రకటించెను. పాత 1401 యంత్రముల కొరకు ప్రోగ్రాములు వ్రాయించుకొన్న కంపెనీలు వాటిని పారవేయుటకు ఇష్టపడలేదు. కావున కొత్త యంత్రము పాత యంత్రపు ఆజ్ఞలను అర్థము చేసికొనునట్లు ఏర్పాటు చేసిరి. దీనిని ఎమ్యులేషన్ అందురు. అనుకరణము అని తెలుగులో చెప్పవచ్చును.

రెండవ మార్గము కూడ ఐ.బి.ఎం.లోనే పుట్టినది. 1967 నాటికి కేంబ్రిడ్జిలోని ఆ సంస్థ పరిశోధకులు సి.పి.–40 అను వ్యవస్థను నడపిరి. ఇందులో ఒకే కంప్యూటరును పెక్కుమంది పంచుకొందురు. కాని ప్రతివానికిని మొత్తము యంత్రము తనదేయైనట్లు తోచును. ఇట్టి ఊహాయంత్రమును వర్చువల్ మెషీన్ అందురు. అనుకరణములో ప్రతి ఆజ్ఞను అనువదించవలెను. ఇచ్చట అట్లు కాదు. ప్రాసెసరు జాతి ఒకటే గనుక అధికభాగము ఆజ్ఞలు నేరుగా నడచును. అందువలన వేగము అంతగా తగ్గదు.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి యంత్రమునకు మూడు లక్షణములు చెప్పిరి. ప్రోగ్రాము అసలు యంత్రముపై ఎట్లు ప్రవర్తించునో ఇచ్చటను అట్లే ప్రవర్తించవలెను. యంత్రపు వనరులన్నియు నియామక ప్రోగ్రాము అధీనములో ఉండవలెను. ఆజ్ఞలలో అధికభాగము జోక్యము లేకుండ నేరుగా నడువవలెను. వీనిలో మొదటిదైన సమానత్వము పటములు గీయువారికి అన్నింటికంటె ముఖ్యము.

మాక్‌లో విండోస్

1984 జనవరిలో వచ్చిన మొదటి మాకింటోష్‌లో మోటరోలా 68000 ప్రాసెసరు ఉండెను. 1994లో ఆపిల్ సంస్థ పవర్‌పీసీ జాతికి మారెను. విండోస్ కంప్యూటర్లలోనిది ఇంటెల్ జాతి. కనుక ఆ కాలపు మాక్‌లో విండోస్ నడుపుటకు అనుకరణమే శరణ్యము. 1997లో కనెక్టిక్స్ సంస్థ విడుదల చేసిన వర్చువల్ పీసీ ఆ పనినే చేసినది. ఇంటెల్ ఆజ్ఞను ఒక్కొక్కదానిని పవర్‌పీసీ ఆజ్ఞలుగా మార్చవలెను గనుక, లెక్కలు ఎక్కువగా గల పటనిర్మాణము దానిలో మిక్కిలి నెమ్మదిగా సాగెడిది.

2006లో మాక్ కంప్యూటర్లు ఇంటెల్ ప్రాసెసరుకు మారెను. దానితో మొదటి అడ్డంకి తొలగినది. ఆ ఏప్రిల్‌లోనే ఆపిల్ వెలువరించిన బూట్‌క్యాంప్‌తో, డిస్కులో ఒక భాగమున విండోస్‌ను ఉంచి, యంత్రమును దానితోనే ప్రారంభింపవచ్చును. అదే సంవత్సరము పారలల్స్ డెస్క్‌టాప్ వచ్చినది. ఇది వర్చువల్ మెషీన్ మార్గము; మాక్ నడుచుచుండగనే ఒక కిటికీలో విండోస్ నడచును. కాని యంత్రపు జ్ఞాపకశక్తిని రెండు వ్యవస్థలు పంచుకొనవలెను.

మూడవ మార్గము వైన్. 1993లో లినక్స్ వాడుకరుల కొరకు ఆరంభమైన ఈ ప్రోగ్రాము విండోస్‌ను తీసుకొనిరాదు. విండోస్‌ను కోరు కోరికలను తాను వినుచు, వాటిని స్థానిక వ్యవస్థకు అర్థమగునట్లు మార్చి చెప్పును. అనగా దుబాసీ వంటిది. ఇంటెల్ మాక్‌లు వచ్చిన పిదప ఈ మార్గము మాక్‌కు కూడ చేరినది. విండోస్ కొననవసరము లేకపోవుట దీని లాభము. విండోస్ భాగములపై అధికముగా ఆధారపడిన పెద్ద ప్రోగ్రాములు దీనిలో తడబడుట దీని నష్టము.

2020 నవంబరులో చరిత్ర మరల మలుపు తిరిగినది. ఆపిల్ తన సొంత ఎం1 ప్రాసెసరు గల మాక్‌లను విడుదల చేసెను. ఇది ఆర్మ్ జాతికి చెందినది. బూట్‌క్యాంప్ వీటిలో లేదు. అయినను దారి పూర్తిగా మూసికొని పోలేదు. ఆర్మ్ కొరకు తయారైన విండోస్ 11ను పారలల్స్‌లో నడుపుటకు 2023లో మైక్రోసాఫ్ట్ అనుమతి తెలిపెను. ఇంటెల్ కొరకు వ్రాసిన ప్రోగ్రామును ఆ విండోస్ తనలోని అనువాదకముతో ఆర్మ్ భాషలోనికి మార్చుకొనును. అనగా మాక్‌లో ఊహాయంత్రము, దానిలో విండోస్, దానిలో అనువాదము, అటుపై పటనిర్మాణ ప్రోగ్రాము! ఇన్ని అంతస్తుల మీద ప్రతి ప్రోగ్రామును సరిగా నడచునని చెప్పుటకు వీలులేదు. తయారుచేసినవారు దానికి మద్దతు ఇచ్చుచున్నారో లేదో ముందుగా విచారింపవలెను.

తీరరేఖ వద్ద పరీక్ష

ప్రోగ్రాము తెరచుకొన్నంత మాత్రమున పని పూర్తికాదు. అది ఇచ్చు ఫలితము సరియైనదా అని చూడవలెను. నెల్లూరు తీరములో దీని ప్రాముఖ్యము స్పష్టము.

1991 ఫిబ్రవరి 19న కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించి, సముద్రపు పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు గల భూమిపై ఆంక్షలు విధించెను. ఆ దశకములోనే నెల్లూరు తీరమున రొయ్యల చెరువులు విస్తరించెను. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, నియంత్రిత మండలములో ఇట్టి చెరువులు ఉండరాదని తీర్పు చెప్పెను. తరువాత 2005 నాటి చట్టముతో నియమములు మారినవి. అయినను ఒక చెరువు గీతకు లోపలనున్నదా, వెలుపలనున్నదా అను ప్రశ్నపై రైతు జీవనాధారము నిలిచిన కాలమది.

పాత సర్వే పటములు జార్జి ఎవరెస్టు 1830లో లెక్కించిన భూగోళపు కొలతలపై ఆధారపడినవి. ఉపగ్రహములు వాడునది డబ్ల్యూ.జి.ఎస్.–84 అను ప్రమాణము. ఈ రెండు ప్రమాణములలో భూమధ్యరేఖా వ్యాసార్ధములకు 800 మీటర్లకు పైగా తేడా యున్నది. భూగోళపు కేంద్రములును వేరు. పాత పటములోని అక్షాంశ రేఖాంశములను మార్పుచేయక ఉపగ్రహ చిత్రముపై ఉంచినచో, నెల్లూరు తీరములో స్థానము నూరు మీటర్లకు మించి జరుగును. 500 మీటర్ల గీత విషయములో ఇది చిన్న తప్పు కాదు.

దూరమును కొలుచుట వలన ఈ తప్పు బయటపడదు. 14.5 డిగ్రీల అక్షాంశముపై 80, 81 డిగ్రీల రేఖాంశముల నడిమి దూరము సుమారు 107.8 కిలోమీటర్లు. ఏ ప్రమాణముతో కొలిచినను తేడా పదునైదు మీటర్లకు లోపే. పటమంతయు ఒక్కటిగా జరిగినప్పుడు లోపలి దూరములు మారవు గదా! కావున దూరముతో పాటు, స్థానము నిశ్చయముగా తెలిసిన ఒక గుర్తును, ఉదాహరణకు దీపస్తంభమునో, వంతెననో, పటముపై సరిచూడవలెను. విండోస్ కంప్యూటరులోను, మాక్‌లోని ఊహాయంత్రములోను అదే ఫైలుతో ఈ పరీక్ష చేసి, అంకెలు ఏకీభవించినచో సమానత్వమును నమ్మవచ్చును. ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము చేయదగిన ప్రయోగమిది.

ప్రోగ్రాము పోయినను పటము నిలువవలెను

నాల్గవ మార్గము అన్నింటికంటె సులభము: ఆదినుండియే పెక్కు యంత్రములకు పనికివచ్చునట్లు ప్రోగ్రామును వ్రాయుట. 2002లో గారీ షెర్మన్ ఆరంభించిన క్యూజిఐఎస్ ఇట్టిది. ఇది విండోస్, మాక్, లినక్స్ మూడింటిపైనను నడచును. ఉచితము, దాని మూలరచన అందరికిని తెరచియున్నది. అమెరికా సైన్యపు ప్రయోగశాలలో 1982లో మొదలైన గ్రాస్ అను వ్యవస్థయు ఇట్లే బహుయంత్రములపై నడచును. పాఠశాలల అవసరములకు ఇవి చాలును.

అయితే ప్రోగ్రామును మార్చినప్పుడు పాత పటములు చదువబడవలెను గదా! ఎస్రి తన షేప్‌ఫైలు నిర్మాణమును 1998లో బహిరంగముగా ప్రచురించుట వలన ఇతర ప్రోగ్రాములు దానిని చదువగలుగుచున్నవి. షేప్‌ఫైలు అనునది ఒకటి కాదు, కొన్ని ఫైళ్ల కట్ట. వాటిలో పి.ఆర్.జె. అను చిన్న ఫైలు ఏ భూగోళ ప్రమాణము వాడబడినదో చెప్పును. నకలు చేయునప్పుడు అది ఒక్కటి జారిపోయినచో, పైన చెప్పిన నూరు మీటర్ల తప్పునకు ద్వారము తెరచుకొన్నట్లే. 2014లో వెలువడిన జియోప్యాకేజి పద్ధతిలో సమస్తమును ఒకే ఫైలులో ఇముడును గనుక ఈ భయము తక్కువ.

నెల్లూరు తీరము నిశ్చలమైనది కాదు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన పెనుతుపాను, 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ గట్టును తాకినవి. పులికాటు సరస్సు ముఖద్వారము ఇసుకమేటలతో పూడుట, తెరచుకొనుట జరుగుచుండును. ఇట్టి మార్పులను కొలుచుటకు పాత పటమును కొత్త పటముపై ఉంచి చూచుట తప్ప వేరు దారి లేదు. మాక్‌లలో ప్రాసెసరు జాతి 1994లో, 2006లో, 2020లో మారినది. నేడు ఉపాధ్యాయులు, విద్యార్థులు తమ ఊరి తీరమును గీయునప్పుడు, వాడిన ప్రమాణమును స్పష్టముగా వ్రాసి, బహిరంగ పద్ధతిలో నిలువచేసినచో, ముప్పది సంవత్సరముల తరువాత ఏ యంత్రము వచ్చినను ఆ గీత తన చోటనే కనిపించును.