లెక్కల మాస్టార్లు తెరిచిన తలుపు

1964 మే 1, తెల్లవారుజామున 4 గంటలు. న్యూహ్యాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీలో బేసిక్ భాషలో తొలి ప్రోగ్రాం నడిచింది. దాన్ని రూపొందించింది లెక్కల ప్రొఫెసర్లు జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్. అప్పట్లో పంచ్‌కార్డులిచ్చి ఫలితం కోసం గంటలు కాచుకోవాలి. వీళ్ళు టైమ్‌షేరింగ్‌తో ఒకే యంత్రాన్ని ఎందరో ఒకేసారి వాడుకునేలా చేశారు. చరిత్ర, సాహిత్యం చదివేవాళ్ళకీ లైబ్రరీలో పుస్తకంలా కంప్యూటర్ అందాలన్నది వాళ్ళ పట్టుదల.

మా అన్నయ్యల తరం వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఇక్కడికొచ్చింది. 2001 మాంద్యంలో ఆ ఒక్క కోర్సునే నమ్ముకున్నవాళ్ళు ఇబ్బంది పడ్డారు. కోర్సు ఉద్యోగం ఇప్పిస్తుందేమో గానీ, దాన్ని నిలబెట్టేది తప్పు చేసి దిద్దుకునే అలవాటే. ఇండియాలో మీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏ డిగ్రీ చదువుతున్నా ఈ మాట చెప్పండి.