ఎడమ కాలికి పనేమిటి?

1953 జూన్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఫ్లింట్ పట్టణంలో ఉన్న షెవర్లే కర్మాగారం నుంచి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి బయటికొచ్చింది. పేరు కార్వెట్. ఆ ఏడాది మొత్తమ్మీద తయారైనవి 300. అన్నీ తెల్లరంగువే, అన్నిటికీ లోపల ఎర్ర సీట్లే. కొన్నవాళ్లు తలుపు తీసి కిందికి చూస్తే అక్కడ ఉన్నవి రెండే పెడళ్లు. క్లచ్ లేదు. పవర్‌గ్లైడ్ అనే రెండు గేర్ల ఆటోమేటిక్ బిగించి పంపారు. చేతి గేర్ల (మాన్యువల్) బండి కావాలన్నా ఇచ్చేవాళ్లు లేరు.

యూరప్ స్పోర్ట్స్ కార్లు నడిపి రుచి మరిగినవాళ్లకు ఇది మింగుడుపడలేదు. ఇంగ్లండు నుంచి వచ్చే జాగ్వార్‌లో, ఎంజీలో చేత్తో గేరు రాడ్ తిప్పుతూ, ఎడమ కాలితో క్లచ్ తొక్కుతూ మలుపులు తిరగడమే అసలు సరదా. అది లేని బండి చూడ్డానికి ఎంత సొగసుగా ఉంటే ఏం లాభం? 1954లో 3,640 కార్వెట్లు తయారుచేస్తే మూడో వంతు దాకా అమ్ముడుపోక మిగిలాయి. 1955లో 700తో సరిపెట్టారు. కారు కథ ఇక ముగిసినట్టేనని చాలామంది అనుకున్నారు.

షెవర్లే ఎందుకలా చేసింది? ఆ కంపెనీ దగ్గర అప్పటికి ఉన్న సామాన్లతోనే కారును త్వరగా బయటికి తేవాలన్నది ఒక కారణం. రెండోది అప్పటి గాలి. 1950ల అమెరికాలో ఆటోమేటిక్ అంటే హోదా. క్లచ్ తొక్కే అవసరం లేకపోవడం ఆధునికతకు గుర్తు.

ఆ హోదా వెనక అరవయ్యేళ్ల అవస్థ ఉంది. 1890ల్లో ఫ్రాన్సులో ఎమిల్ లెవస్సోర్ కార్లకు అమర్చిన గేరుబాక్సులో పళ్లచక్రాలను పక్కకు జరిపి ఒకదానికొకటి పట్టించేవారు. రెండు చక్రాల వేగాలూ కలవకపోతే కీచుమని గోల. ఆ గోల లేకుండా నడపాలంటే క్లచ్ ఒకసారి తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, వదిలి, ఇంజిన్ వేగం సరిచేసి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. మన పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అనేది దీన్నే. 1928లో కాడిలాక్ కంపెనీ సింక్రోమెష్ తెచ్చింది. చక్రాలు కలిసేముందే వాటి వేగాలను సమానం చేసే చిన్న ఏర్పాటు అది. దాన్ని కనిపెట్టిన ఎర్ల్ థాంప్సన్ అంతటితో ఊరుకోలేదు. జనరల్ మోటార్స్‌లో ఆయన నాయకత్వంలోనే హైడ్రామాటిక్ అనే పూర్తి ఆటోమేటిక్ గేరుబాక్సు తయారై, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వచ్చింది. చేతి గేరును సుఖంగా మార్చిన మనిషే దాన్ని తీసిపారేసే యంత్రాన్నీ తయారుచేశాడన్నమాట. యుద్ధకాలంలో ఆ హైడ్రామాటిక్ అమెరికన్ తేలికపాటి ట్యాంకుల్లోకి కూడా ఎక్కింది.

అయితే ట్యాంకుకు పనికొచ్చినది స్పోర్ట్స్ కారుకు పనికిరాలేదు. ఆనాటి ఆటోమేటిక్‌లో ఇంజిన్ శక్తి నూనె ద్వారా చక్రాలకు అందుతుంది. నూనెలో కొంత శక్తి జారిపోతుంది, వేడిగా మారిపోతుంది. పైగా కార్వెట్‌లో గేర్లు రెండే. మలుపు మధ్యలో ఏ గేరు పడుతుందో డ్రైవరు చేతిలో ఉండదు. జోరా ఆర్కస్-డంటోవ్ అనే ఇంజినీరు, బ్రస్సెల్స్‌లో రష్యన్ దంపతులకు పుట్టి రేసుల్లో ఆరితేరినవాడు, 1953లో కార్వెట్‌ను చూసి ముచ్చటపడి షెవర్లేకు ఉత్తరం రాసి మరీ ఉద్యోగంలో చేరాడు. 1955లో కార్వెట్‌కు వీ8 ఇంజిన్, ఆ ఏడాది చివర్లో మూడు గేర్ల మాన్యువల్ వచ్చాయి. 1957లో నాలుగు గేర్లు. కారు బతికింది. మాన్యువల్ అంటేనే స్పోర్ట్స్ కారు అన్న నమ్మకం అమెరికాలో ఆ రోజుల్లోనే గట్టిపడింది.

ఆ నమ్మకాన్ని ముందుగా గిల్లి చూసినవాడు టెక్సస్‌కు చెందిన జిమ్ హాల్. మిడ్‌లండ్ ఊళ్లో చమురు డబ్బుతో, ఇంజినీరింగ్ చదువుతో రేసు కార్లు కట్టేవాడు. ఆ కార్ల పేరు చాపరల్. 1960ల నడుమ, జనరల్ మోటార్స్ ఇంజినీర్ల చాటుమాటు సాయంతో, తన కార్లలో క్లచ్ పెడల్ తీసేసి, నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ పెట్టాడు. గేరు డ్రైవరే మారుస్తాడు, కాని క్లచ్ తొక్కనక్కర్లేదు. 1965 మార్చిలో ఫ్లారిడాలోని సీబ్రింగ్ 12 గంటల రేసు. కుండపోత వాన, ట్రాక్ మీద నీళ్లు. హాల్, అతని భాగస్వామి హ్యాప్ షార్ప్ నడిపిన చాపరల్ గెలిచింది. మరుసటి ఏడాది జర్మనీలో నుర్‌బర్గ్‌రింగ్ 1,000 కిలోమీటర్ల రేసు కూడా చాపరల్‌దే.

ఇంతకన్నా ఆసక్తికరమైనది ఆ తర్వాతి ముచ్చట. క్లచ్ లేదు కాబట్టి ఎడమ కాలు ఖాళీ. జిమ్ హాల్ దానికి కొత్త పని అప్పజెప్పాడు. 1966 చాపరల్ 2ఈ కారు వెనక పొడవాటి కాళ్ల మీద ఒక రెక్క నిలబెట్టాడు. మలుపుల్లో అది గాలి ఒత్తిడితో టైర్లను నేలకు అదిమిపెడుతుంది. నేరు దారిలో డ్రైవరు ఎడమ కాలితో పెడల్ తొక్కితే రెక్క బల్లపరుపుగా వాలి గాలికి అడ్డు తగ్గిస్తుంది. గేరుబాక్సు మార్పు లేకపోతే ఈ ఆలోచనకు చోటే ఉండేది కాదు. మోటారు రేసుల చరిత్రలో ఇంత చక్కటి తెలివి అరుదు. కాని 1967లో ఆ గేరుబాక్సులు రేసు వెంట రేసు మొరాయించాయి. తర్వాత కదిలే రెక్కలనే నిషేధించారు.

అదే 1967లో పోర్షే కంపెనీ స్పోర్టోమాటిక్ తెచ్చింది. 911 కారులో నాలుగు గేర్లు, గేరు రాడ్ ఉంటాయి, క్లచ్ పెడల్ ఉండదు. చెయ్యి రాడ్ మీద పడగానే లోపలి స్విచ్ క్లచ్‌ను విడదీస్తుంది. నుర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటలు ఏకధాటిగా సాగిన మారథాన్ రేసును ఈ గేరుబాక్సు ఉన్న పోర్షేనే గెలిచింది. విక్ ఎల్ఫోర్డ్, హాన్స్ హెర్మాన్, యోకెన్ నీర్‌పాష్ వంతులవారీగా నడిపారు. అంత గెలిచినా కొనేవాళ్లకు ఇది నచ్చలేదు. అలవాటుగా రాడ్ మీద చెయ్యి ఆనిస్తే చాలు, బండి క్లచ్‌ను విడదీసేది. 1980లో ఆపేశారు. ఇదే ఊహ మన రోడ్ల మీదికి 2020లో మరో రూపంలో వచ్చింది. హ్యుందాయ్ వెన్యూలో పెట్టిన ఐఎంటీ అచ్చంగా ఇలాంటిదే: రాడ్ ఉంది, పెడల్ లేదు.

ఇక రేసు ట్రాక్ మీద మాన్యువల్ గతిని మార్చిన రోజు 1989 మార్చి 26. బ్రెజిల్‌లో రియో దగ్గరి జకరెపాగ్వా ట్రాక్. ఫెరారీ 640 అనే ఫార్ములా వన్ కారును ఇంగ్లిష్ డిజైనర్ జాన్ బర్నార్డ్ తయారుచేశాడు. గేరు రాడ్ బదులు స్టీరింగ్ వెనక రెండు రెక్కలు పెట్టాడు. ఒకటి నొక్కితే పై గేరు, ఇంకొకటి నొక్కితే కింది గేరు. క్లచ్ పెడల్ బయలుదేరడానికి మాత్రమే. బర్నార్డ్‌కు వేగం ఒక్కటే ధ్యేయం కాదు. రాడ్, దాని ఊచలు పోతే డ్రైవరు కూర్చునే చోటు ఇరుకు చేయొచ్చు, కారును సన్నగా మలచొచ్చు అన్నది అసలు లెక్క. పరీక్షల్లో ఆ కారు రేసు దూరం పూర్తిచేయడమే గగనమైపోయింది. ఫెరారీ తరఫున మొదటి రేసు నడుపుతున్న నైజెల్ మాన్సెల్ ఎలాగూ మధ్యలో ఆగిపోతుందని, ఇంటికి వెళ్లే విమానానికి ముందుగానే టికెట్ చేయించుకున్నానని తర్వాత చెప్పుకొన్నాడు. రేసు నడుమ పిట్‌లో ఆపి స్టీరింగ్ చక్రమే మార్చాల్సి వచ్చింది. అయినా గెలిచాడు.

ఆ తర్వాత కొన్ని రేసుల్లో ఆ కారు వరసగా మధ్యలోనే ఆగిపోయింది. కాని మిగతా జట్లకు లెక్క తెలిసిపోయింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి, గేరు తప్పు పడదు, ఇంజిన్ పాడవదు. 1990ల నడుమకల్లా ఫార్ములా వన్ గ్రిడ్‌లో గేరు రాడ్ దాదాపు కనుమరుగైంది. ఎడమ కాలు నింపాదిగా బ్రేకు మీదికి మారింది. 1997లో ఫెరారీ 355 కారులో ఈ రెక్కలు మామూలు రోడ్డు మీదికి వచ్చాయి. మాన్యువల్ గేరుబాక్సుకే హైడ్రాలిక్ చేతులు బిగించినట్టుండే ఆ పద్ధతిలో ఫెరారీకి తోడున్న ఇటలీ కంపెనీ మాగ్నెటీ మరెల్లి. 2014లో మారుతి సెలెరియోలో వచ్చిన చవక ఆటోమేటిక్ సామాను కూడా ఆ కంపెనీదే. హైదరాబాదులో క్యాబ్ ఎక్కినప్పుడు గేరు మారేచోట బండి చిన్నగా ఊగితే, అది ఫెరారీ దూరపు చుట్టరికమే అనుకోవచ్చు.

ఆ ఊపును పోగొట్టింది జంట క్లచ్. ఫ్రెంచ్ ఇంజినీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1930ల చివర్లోనే దీన్ని ఊహించాడు. ఒక క్లచ్ మీద 1, 3, 5 గేర్లు, ఇంకో క్లచ్ మీద 2, 4, 6. పెళ్లి భోజనాల్లో ఒక పంక్తి తింటుండగానే రెండో పంక్తికి ఆకులు వేసి ఉంచినట్టు, మూడో గేరులో వెళ్తుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. శక్తి ఎక్కడా తెగదు. పోర్షే 1980ల్లో దీన్ని రేసు కార్లలో పరీక్షించింది. 1986లో మోంజాలో హాన్స్ స్టక్, డెరెక్ బెల్ దాంతో గెలిచారు. మొదట్లో బరువు ఎక్కువ, నమ్మకం తక్కువ. కంప్యూటర్లు చురుగ్గా మారేదాకా ఆగి, 2003లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఆర్32లో జంట క్లచ్ అమ్మకానికి వచ్చింది. 2008లో పోర్షే 911లోకి ఎక్కింది.

మనిషి ఎడమ కాలు యంత్రం ముందు ఓడిపోయింది అప్పుడే. ఇక వాదన ఉండాల్సిన పనిలేదు. పోర్షే కూడా అలాగే అనుకుంది. 2013లో 911 జీటీ3 కారును, అంటే రేసు ట్రాక్ పిచ్చి ఉన్నవాళ్ల కోసమే కట్టే కారును, జంట క్లచ్‌తో మాత్రమే తెచ్చింది. కొనేవాళ్లలో ఒక వర్గం గొల్లుమంది. మూడేళ్లకు, 2016లో, కంపెనీ 911ఆర్ తీసింది. ఇందులో ఆరు గేర్ల మాన్యువల్ ఒక్కటే. సంఖ్య 991. అన్నీ అమ్ముడై, చేతులు మారేసరికి అసలు ధరకు రెట్టింపు పైగా పలికాయి. దెబ్బకు 2017 జీటీ3లో మాన్యువల్ మళ్లీ వచ్చింది.

ఆ 2017 కారు లెక్కలు ఈ వాదన మొత్తానికీ కీలకం. సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి జంట క్లచ్ బండి 3.4 సెకన్లలో చేరుతుంది, మాన్యువల్‌కు 3.9 పడుతుంది. మాన్యువల్ 17 కిలోలు తేలిక, గరిష్ఠ వేగం 320, రెండోదానికి 318. గడియారం చూస్తే అర సెకను తేడాతో తీర్పు స్పష్టం. అయినా కొన్నవాళ్లలో చాలామంది మాన్యువల్ ఎంచుకున్నారు. ఆ ఇంజిన్ నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంటే గేరు తామే మార్చాలన్నది వాళ్ల కోరిక. నెమ్మదైనది ఖరీదైనదిగా మారడం కార్ల వ్యాపారంలో విచిత్రమే. చేతి గేరు ఉన్న పాత ఫెరారీలు కూడా నేడు రెక్కల బళ్ల కన్నా ఎక్కువ ధరకు పోతున్నాయి. మరోవైపు కార్వెట్ 2020 మోడల్‌లో ఇంజిన్‌ను నడుమకు జరిపి, ఎనిమిది గేర్ల జంట క్లచ్ పెట్టి, మాన్యువల్‌ను పూర్తిగా ఎత్తేసింది. ఈసారి అమ్మకాలకు ఢోకా రాలేదు.

మన దగ్గర ఈ ఎంపిక ఇంత ఖరీదైనది కాదు గాని, అచ్చం ఇలాంటి ఊగిసలాటే. 2013లో ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ జంట క్లచ్‌తోనే వచ్చింది. 2020లో ఇంజిన్ మారినప్పుడు పోలో టీఎస్‌ఐ మాన్యువల్‌లోనూ వచ్చింది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 2021లో ఐఎంటీ, జంట క్లచ్ రెండిటితో వచ్చి, 2023లో ఐఎంటీని తీసేసి మామూలు క్లచ్ పెడల్‌కే తిరిగొచ్చింది. 2022లో ఆటోమేటిక్‌తో వచ్చిన ఫోక్స్‌వాగన్ వర్టస్ జీటీకి మరుసటి ఏడాది మాన్యువల్ జోడించారు. చిత్రమేమంటే ఇవన్నీ రోజూ ఆఫీసుకు వెళ్లే బళ్లు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి సాయంత్రంపూట హాఫ్ క్లచ్ మీద గంటసేపు పాకినవాడికి 3.4కూ 3.9కూ తేడాతో పనిలేదు. మోకాలే తీర్పు చెబుతుంది. అలాగని జంట క్లచ్‌కూ సుఖం లేదు: నూనె చల్లదనం లేని డ్రై క్లచ్ రకమైతే ఆ పాకుడులో అదీ వేడెక్కుతుంది. ఆదివారం తెల్లవారుజామున శ్రీశైలం ఘాట్ ఎక్కేవాడి లెక్క మాత్రం వేరు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లకు గేరు మార్చే పనే లేదు. విద్యుత్ మోటారు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి ఒకటే గేరు చాలు. ఈ వాదనకు అక్కడితో తెర పడాలి. కాని ఆ ఏడాదే హ్యుందాయ్ చూపించిన ఐయానిక్ 5 ఎన్ అనే కరెంటు కారులో లేని ఎనిమిది గేర్లను కంప్యూటరు అభినయిస్తుంది. స్టీరింగ్ రెక్క నొక్కితే బండి కుదుపుతుంది, స్పీకర్లో ఇంజిన్ మోత మారుతుంది. టొయోటా ఇంజినీర్లు ఇంకో అడుగు వేశారు. తమ లెక్సస్ కరెంటు కారు ఒకదానికి ప్రయోగంగా గేరు రాడ్, క్లచ్ పెడల్ పెట్టారు. కలిపే యంత్రం ఏదీ లేదు, అంతా సాఫ్ట్‌వేరే. అయినా ఎడమ కాలు తొందరపడి క్లచ్ వదిలితే, డ్రైవింగ్ స్కూలు మొదటి రోజులాగే, ఆ కారు ఆగిపోతుంది.