సూపర్‌మేన్ ఎవరు? – ఒక పింఛను కథ



పింఛనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, సూపర్‌మేన్ గురించి వ్రాస్తానన్నాను. ఆయన ఫోనులోనే నవ్వి, "ఈ వయసులో మీకు బొమ్మల పుస్తకాలేమిటండీ!" అన్నారు. "చదివిన తరువాత నవ్వండి" అన్నాను. మీకూ అదే మనవి.

2025 జూలైలో మా మనుమడు పట్టుబట్టి నన్ను కొత్త సూపర్‌మేన్ సినిమాకు తీసుకువెళ్ళాడు. ఎగరడాలు, కూలగొట్టడాలు నాకంతగా పట్టలేదు గాని, పేర్లు పడుతున్నప్పుడు ఒక వాక్యం దగ్గర నా కన్ను ఆగింది. సూపర్‌మేన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనీ, సీగెల్ కుటుంబంతో చేసుకున్న ప్రత్యేక ఏర్పాటు మేరకు అనీ అందులో ఉంది. ముప్పై ఏడేళ్ళు ఫైళ్ళ మధ్య బ్రతికినవాణ్ణి. "ప్రత్యేక ఏర్పాటు మేరకు" అనే మాట ఊరికే పుట్టదు, దాని వెనుక ఒక లావుపాటి ఫైలు ఉండి తీరుతుందని అనిపించింది. ఇంటికి వచ్చి మనుమడి సాయంతో ఆ ఫైలు వెతికాను. దొరికినదే ఈ వ్యాసం.

ఇద్దరు పేద కుర్రవాళ్ళు

సీగెల్ 1914 అక్టోబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో పుట్టాడు. షూస్టర్ అదే సంవత్సరం జూలైలో కెనడాలోని టొరంటోలో పుట్టి, పదేళ్ళ వయసులో కుటుంబంతో క్లీవ్‌లాండ్ వచ్చాడు. ఇద్దరివీ ఐరోపా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలు. గ్లెన్‌విల్ హైస్కూలులో స్నేహితులయ్యారు. సీగెల్ కథలు వ్రాసేవాడు, షూస్టర్ బొమ్మలు వేసేవాడు. అది 1929 తరువాత వచ్చిన ఆర్థిక మాంద్యపు కాలం. షూస్టర్ ఇంట్లో కాగితం కొనడానికి డబ్బు లేక, గోడలకు అంటించే కాగితాల వెనుకవైపు, పొట్లాలు కట్టే కాగితాల మీద బొమ్మలు వేసేవాడట. ఇద్దరికీ కళ్ళద్దాలు. ఇద్దరూ బిడియస్తులు.

సీగెల్ తండ్రి బట్టల దుకాణం నడిపేవాడు. 1932 జూన్‌లో దుకాణంలో దొంగలు పడినప్పుడు ఆయన గుండె ఆగి మరణించాడు. అప్పటికి సీగెల్ వయసు పదిహేడేళ్ళు. తుపాకి గుండు కూడా తాకలేని మనిషిని ఆ కుర్రవాడు ఆ తరువాతి ఏళ్ళలో ఊహించాడంటే ఎందుకో మనం అర్థం చేసుకోగలం.

మొదట 1933లో తమ సొంత చిన్న పత్రికలో "సూపర్‌మేన్" అనే పేరు వాడినప్పుడు వాడు బట్టతల దుర్మార్గుడు. తరువాత ఆలోచన మార్చి, ఆ పేరును మంచివాడికి ఇచ్చారు. దాన్ని పట్టుకుని కొన్నేళ్ళు తిరిగారు. ఎవరూ తీసుకోలేదు.

వేషం ఏది, మనిషి ఏది?

కథ మీ మనుమలందరికీ తెలుసు. క్రిప్టాన్ అనే గ్రహం పగిలిపోయే ముందు ఒక తండ్రి తన పసిబిడ్డను చిన్న నౌకలో పెట్టి భూమికి పంపుతాడు. కుంతీదేవి కర్ణుణ్ణి పెట్టెలో పెట్టి నదిలో విడిచినట్లే. కెంట్ దంపతులు ఆ బిడ్డను పెంచి క్లార్క్ అని పేరు పెడతారు. పెద్దవాడై పత్రికలో విలేఖరిగా చేరతాడు. కళ్ళద్దాలు, వంగిన భుజాలు, తడబడే మాట. అదే ఆఫీసులో పనిచేసే లోయిస్ లేన్ అతణ్ణి పిరికివాడని చిన్నచూపు చూస్తుంది. ఆమె మెచ్చే మహావీరుడూ అతడేనని ఆమెకు తెలియదు.

మనకిది కొత్త కాదు. విరాటుని కొలువులో బృహన్నలగా ఆట నేర్పిన అర్జునుడు, ఋతుపర్ణుని దగ్గర గుర్రాలు తోలిన నలుడు మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవారే. తేడా ఒక్కటే. పాండవుల అజ్ఞాతవాసం ఏడాదికి తీరింది. క్లార్క్ కెంట్ అజ్ఞాతవాసం 1938లో మొదలై ఇంకా తీరలేదు.

ఇందులో అసలు మనిషి ఎవరన్నది ఆ కథలు వ్రాసినవారే తేల్చుకోలేదు. తొలి కథలలో సూపర్‌మేన్ అసలు, క్లార్క్ వేషం. 1986లో జాన్ బర్న్ అనే రచయిత కథను మొదటి నుంచి తిరగవ్రాసినప్పుడు, పల్లెటూళ్ళో తల్లిదండ్రులు పెంచిన క్లార్కే అసలు మనిషి, ఎగిరే వీరుడే వేషం అయ్యాడు. నా ఓటు ఈ రెండోదానికే. మనిషిని చేసేది పెంపకం గాని, ఎక్కడి నుంచో వచ్చిన బలం కాదు.

తొలినాళ్ళ సూపర్‌మేన్ ఎగరడు కూడా. దూకుతాడు, అదీ ఒక మైలులో ఎనిమిదో వంతు. అతడు పట్టుకున్నదీ గ్రహాంతర రాక్షసులను కాదు. భార్యను కొట్టే భర్తను, లంచగొండి రాజకీయ నాయకుణ్ణి, కార్మికుల ప్రాణాలు లెక్కచేయని గని యజమానిని పట్టుకున్నాడు. చేయని నేరానికి మరణశిక్ష పడిన స్త్రీని కాపాడాడు. పని లేక, అడిగే దిక్కులేక ఉన్న జనం అతణ్ణి నెత్తిన పెట్టుకున్నారు.

క్లార్క్ అన్న పేరు క్లార్క్ గేబుల్ అనే సినిమా నటుడిది. కెంట్ అన్నది కెంట్ టేలర్ అనే మరో నటుడిది. కాని ఆంగ్లంలో ఆ క్లార్క్ అన్న పేరు అసలు "క్లర్కు" అన్న మాట నుంచే పుట్టింది. ఇంగ్లండులో నేటికీ మన ఉద్యోగాన్ని "క్లార్క్" అనే పలుకుతారు. కాబట్టి మిత్రులారా, ఈ మహావీరుడు పేరు రీత్యా మనవాడే!

మన తెలుగువారు అతణ్ణి తమ పద్ధతిలో స్వంతం చేసుకున్నారు. 1980లో వి.మధుసూదనరావు గారి దర్శకత్వంలో ఎన్.టి.రామారావు గారు "సూపర్‌మేన్"గా నటించారు. అందులో బలం వచ్చింది క్రిప్టాన్ నుంచి కాదు, ఆంజనేయస్వామి అనుగ్రహం వల్ల. మన ప్రేక్షకుడికి అంతకుమించిన సంజాయిషీ అక్కరలేకపోయింది.

నూట ముప్పై డాలర్లు

ఇక ఫైలులోకి వస్తాను. 1938 మార్చి 1వ తేదీన సీగెల్, షూస్టర్ ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. పదమూడు పేజీల తొలి కథకు పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ముట్టాయి. దానికి బదులుగా సూపర్‌మేన్ మీద సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణ సంస్థకు దఖలు పడ్డాయి. ఇద్దరికీ అప్పటికి ఇరవై మూడేళ్ళు. అచ్చులో చూసుకోవాలన్న ఆత్రం తప్ప ఆ కాగితం బరువు వారికి తెలియదు.

అదే ఏప్రిల్‌లో "యాక్షన్ కామిక్స్" తొలి సంచిక 10 సెంట్లకు అమ్మకానికి వచ్చింది. 1939 జనవరి నుంచి దినపత్రికలలో, 1940 ఫిబ్రవరి నుంచి రేడియోలో, 1941లో కార్టూను చిత్రాలుగా సూపర్‌మేన్ దేశమంతా నిండిపోయాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ కొన్నేళ్ళు వారిద్దరికీ పని దొరికింది, డబ్బు కూడా బాగానే వచ్చింది. కాని వచ్చినది చేసిన పనికి కూలి. సొత్తు మాత్రం వేరొకరిది.

1943లో సీగెల్ సైన్యంలోకి వెళ్ళాడు. అతడు అక్కడ ఉండగానే, అతడు ముందు ప్రతిపాదించిన "సూపర్‌బాయ్"ని అతడికి చెప్పకుండా అచ్చువేశారు. 1947లో స్నేహితులిద్దరూ దావా వేశారు. 1948లో సుమారు 94,000 డాలర్లకు రాజీ కుదిరింది. అందులో చాలా భాగం వకీళ్ళ ఖర్చులకు పోయింది. పని పోయింది. అన్నిటికంటె పెద్ద దెబ్బ, సూపర్‌మేన్ కథల మీద వారి పేర్లు తీసివేశారు.

ఆ తరువాత షూస్టర్‌కు చూపు మందగించింది. బొమ్మలు వేసే మనిషికి అంతకంటె ఏం కావాలి? వస్తువులు, ఉత్తరాలు చేరవేసే పని చేశాడు. సీగెల్ 1959లో అదే సంస్థకు తిరిగి వెళ్ళి, పేరు లేకుండా, తాను సృష్టించిన సూపర్‌మేన్‌కే కొన్నేళ్ళు కథలు వ్రాసి ఇచ్చాడు. హక్కుల కోసం మళ్ళీ కోర్టుకెక్కి, అక్కడా, అప్పీలులోనూ ఓడాడు. 1975 నాటికి అతని ఉద్యోగమేమిటో తెలుసా? లాస్ ఏంజిల్స్‌లో, కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వపు పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ కార్యాలయంలో తపాలా చూసే గుమాస్తా!

ఈ ముక్క చదివినప్పుడు కళ్ళద్దాలు తీసి కాసేపు ఊరుకున్నాను. ఇన్‌వర్డు రిజిస్టరు ముందు కూర్చుని కవర్లు చించుతున్న ఆ అరవై ఏళ్ళ మనిషిని చూసి, ఇతడే సూపర్‌మేన్‌ను కన్నవాడని పక్క సీటువాడికి తట్టి ఉంటుందా? తన కథను తానే జీవించవలసి వచ్చింది ఆయనకు. క్లార్క్ కెంట్ మిగిలాడు. చొక్కా గుండీలు విప్పితే లోపల ఉండవలసిన గుర్తును మాత్రం కాగితం మీద ఎప్పుడో వ్రాసి ఇచ్చేశాడు.

పింఛను వచ్చింది

1975లో భారీ ఖర్చుతో సూపర్‌మేన్ సినిమా తలపెట్టారన్న వార్త వచ్చింది. (1978లో విడుదలైన ఆ చిత్రంలో సూపర్‌మేన్ తండ్రిగా కొద్దిసేపు కనిపించిన మార్లన్ బ్రాండోకు 37 లక్షల డాలర్లు ఇచ్చారు.) సీగెల్ కడుపు మండి పత్రికలకు పెద్ద లేఖ వ్రాశాడు. ఇక్కడే కథ మలుపు తిరిగింది. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ అనే చిత్రకారులు ముందుకు వచ్చారు. కార్టూనిస్టుల సంఘం వెనుక నిలబడింది. పత్రికలు, టెలివిజను అందుకున్నాయి. చట్టప్రకారం బాధ్యత లేకపోయినా నైతిక బాధ్యత ఉందని వార్నర్ సంస్థ అధికారి ఒప్పుకున్నారు. ఆ డిసెంబరులో, క్రిస్మస్ ముందర, ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్ల పింఛను, వైద్య సదుపాయం. సూపర్‌మేన్ కనిపించిన ప్రతిచోటా సృష్టికర్తలుగా వారిద్దరి పేర్లు. పింఛను తరువాత పెంచారు కూడా.

షూస్టర్ 1992 జూలైలో, సీగెల్ 1996 జనవరిలో కాలం చేశారు. షూస్టర్ పోయిన కొద్ది నెలలకే, 1992 నవంబరులో సూపర్‌మేన్ మరణించినట్లు కథ వచ్చింది. అతడు మరుసటి ఏడే లేచి వచ్చాడు. బొమ్మకున్న సౌకర్యం అది. సీగెల్ భార్య జోన్, పెళ్ళికి ముందు లోయిస్ లేన్ బొమ్మకు నమూనాగా కూర్చున్నావిడే, 2011లో పోయేవరకు హక్కుల కోసం పోరాడుతూనే ఉంది. 2001లో కుదిరిన ఒప్పందానికి కుటుంబం కట్టుబడాలని 2013లో కోర్టు తేల్చింది. నేను సినిమాలో చూసిన ఆ "ప్రత్యేక ఏర్పాటు" వెనుక ఉన్నది ఇంత దీర్ఘమైన వ్యవహారం. సీగెల్, షూస్టర్‌లకు 130 డాలర్లు తెచ్చిన ఆ తొలి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది.

దయ కాదు, హక్కు

ఈ కథ మన సంచికలో ఎందుకంటారా? డిసెంబరు 17 మనకు పండుగ. 1982లో ఆ రోజున నకారా కేసులో మన సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు ఉద్యోగికి దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. సీగెల్, షూస్టర్‌లకు అందినది నైతిక బాధ్యత పేరిట అందింది. అంటే దయ. అది రావడానికి వాళ్ళు పత్రికలలో తమ పేదరికాన్ని పరచి చూపవలసి వచ్చింది. మనకు ఆ అవసరం లేకుండా చేసినవాడు నకారా అనే ఒక పింఛనుదారు. సూపర్‌మేన్ ఎవరని మనుమడు అడిగితే నేను ఆయన పేరు కూడా చెబుతాను.

నా సొంత సంగతి ఒకటి. నేను రిటైరైనప్పుడు నా సర్వీసు రిజిస్టరులో తొలి పదకొండు నెలల ఉద్యోగానికి ధ్రువీకరణ లేదని ఏడాది పైగా తాత్కాలిక పింఛనుతో నెట్టుకొచ్చాను. ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం. చివరికి రికార్డు గదిలో ఒక చిన్న గుమాస్తా సెలవురోజున వచ్చి, దుమ్ములో కూర్చుని, 1971 నాటి జీతాల పట్టీ వెతికి తీశాడు. ఆ కాగితంతో నా ఫైలు కదిలింది. అతడికి కళ్ళద్దాలున్నాయి. తుమ్ముతూనే నవ్వాడు. కృతజ్ఞతగా ఏదో ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

కనుక మిత్రులారా, రెండు మనవులు. ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టకండి, పిల్లలనూ పెట్టనివ్వకండి. మీ పింఛను పత్రాలు, కుటుంబ పింఛను వివరాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఆడవారికి ఈ రోజే చూపించండి. తరువాత ఆమె ఒంటరిగా వెతుక్కునే గతి పట్టకూడదు.

మా మనుమడికి ఈ కథంతా చెప్పాను. వాడు అన్నీ విని, "అయితే తాతయ్యా, ఆఫీసులో నువ్వు కూడా లోపల ఇంకో చొక్కా వేసుకునేవాడివా?" అని అడిగాడు. బనియను వేసుకునేవాణ్ణని చెప్పాను. నమ్మినట్లు లేదు.

సెలవు.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు