శీతాకాలం లేని మంచు: తరిగిపోతున్న ఉష్ణమండల హిమానీనదాలు

కర్కాటక, మకర రేఖల నడుమ సూర్యుడు నిటారుగా కాసే మండలంలోనూ హిమానీనదాలు ఉన్నాయి. వాటిని నిలిపి ఉంచుతున్నది పర్వతాల ఎత్తు మాత్రమే. వీటి మొత్తం విస్తీర్ణంలో దాదాపు 99 శాతం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలపై ఉండగా, అందులోనూ మూడింట రెండు వంతులకు పైగా పెరూ దేశానిదే. తూర్పు ఆఫ్రికాలోని కిలిమంజారో, కెన్యా, రువెంజొరి పర్వతాలపైనా, ఇండోనేషియాలోని పాపువాలోనూ ఇప్పుడున్నవి కొద్దిపాటి మంచు పలకలే. కర్కాటక రేఖకు ఉత్తరాన ఉన్న హిమాలయ హిమానీనదాలు ఈ కోవకు చెందవు.

సమశీతోష్ణ ప్రాంతాల్లో చలికాలంలో మంచు పేరుకుని వేసవిలో కరుగుతుంది. ఉష్ణమండలంలో ఆ విరామం లేదు. ఇక్కడ ఋతువులతో పాటు ప్రధానంగా మారేది తేమే గాని ఉష్ణోగ్రత కాదు. అందువల్ల హిమానీనదం దిగువ కొస ఏడాది పొడవునా కరుగుతూనే ఉంటుంది. ఎగువన వానకాలంలో కురిసే మంచు ఆ లోటును పూడ్చాలి. గాలి కాస్త వేడెక్కినా మంచుగా పడవలసింది వానగా పడుతుంది. దాంతో కొత్త మంచు చేరకపోవడమే గాక, సూర్యకాంతిని తిప్పికొట్టే తెల్లని పొర కరవై, మాసిన పాత మంచుగడ్డ మరింత వేడిని పీల్చుకుంటుంది.

బొలీవియా ప్రభుత్వ కేంద్రమైన లా పాజ్ సమీపంలో, 5,300 మీటర్లకు పైబడిన ఎత్తులో ఒకప్పుడు స్కీయింగ్‌కు నెలవైన చకల్తాయా హిమానీనదం 2009 నాటికి కనుమరుగైంది. వెనిజులాలో చివరిదైన హంబోల్ట్‌ను 2024లో శాస్త్రవేత్తలు హిమానీనదాల లెక్క నుంచి తప్పించారు. తన బరువుకు తానే కదిలితేనే అది హిమానీనదం. పేరులోని ‘నదం’ అలంకారం కాదు. కదలిక ఆగినది వట్టి మంచుగడ్డే.

కిలిమంజారోపై 1912లో ఉన్న మంచులో 85 శాతం 2007 నాటికే పోయింది. అయితే వాతావరణ మార్పుకు ప్రతీకగా అందరూ చూపే ఈ శిఖరం నిజానికి అంత సూటి ఉదాహరణ కాదు. గాలిలో తేమ తగ్గడం, హిమపాతం సన్నగిల్లడం, మంచు కరగకుండానే నేరుగా ఆవిరి కావడం అక్కడ ముఖ్య పాత్ర వహించాయి.

జనజీవనంపై ప్రభావం స్పష్టంగా కనిపించేది పెరూలోని కార్డిలేరా బ్లాంకా పర్వతశ్రేణిలో. మే నుంచి సెప్టెంబరు వరకు వానలు దాదాపు ఉండని ఆ ప్రాంతంలో సాంటా నదిని నిలబెట్టేది మంచునీరే. మంచు కరిగే తొలిదశలో నదిలో నీరు పెరుగుతుంది. పతాక స్థాయి దాటాక తగ్గడం మొదలవుతుంది. సాంటా పరీవాహక ప్రాంతంలో అధిక భాగం ఆ స్థాయిని ఇప్పటికే దాటిందని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది. దిగువన తీరప్రాంత ఎడారిలో ఎగుమతి పంటలు పండిస్తున్న చావిమోచిక్ కాలువలకు ఆధారం ఈ నదే. మంచు తొలగిన చోట బయటపడిన శిలల్లోని ఖనిజాలు నీటిలో కలిసి, కొన్ని వాగులు ఆమ్లమయమై ఎర్రబారాయి కూడా.

కరిగిన నీరు కొండల మీద సరస్సులుగా నిలవడం మరో ప్రమాదం. 1941 డిసెంబరులో పాల్కకోచా సరస్సు గట్టు తెగి హువారాజ్ పట్టణంలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది, వేలమంది మరణించారు. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లోనాక్ సరస్సు తెగి తీస్తా లోయను ముంచెత్తిన విపత్తు ఈ కోవలోదే. పాల్కకోచా మళ్లీ నిండడంతో హువారాజ్‌కు చెందిన రైతు సౌల్ లుసియానో లియుయా 2015లో జర్మనీ విద్యుత్ సంస్థ ఆర్‌డబ్ల్యూఈపై అక్కడి న్యాయస్థానంలో దావా వేశారు. ఉద్గారాల్లో సంస్థ వాటా మేరకు వరద రక్షణ ఖర్చు భరించాలన్నది ఆయన వాదన. ఆయన ఇంటికి పొంచి ఉన్న ముప్పు తగినంత లేదంటూ 2025 మేలో హామ్ నగరంలోని ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం దావాను కొట్టివేసింది. భారీ ఉద్గారాలకు కారణమైన సంస్థలను ఇటువంటి నష్టాలకు బాధ్యులను చేయడం సూత్రప్రాయంగా సాధ్యమేనని మాత్రం అదే తీర్పులో పేర్కొంది.